స్లాబుల మీది నెట్టు

మా బడి రెండు ముక్కలుగా ఉండేది. పెద్ద ముక్క ఊరి మొదట్లో, పటాన్‌చెరు నుంచి వచ్చే షేర్ ఆటోలు ఆగేచోట. చిన్న ముక్క ఊరికి అవతల, కూలీల కాలనీలో. ఆరు, ఏడు తరగతులకు పెద్ద బడిలో గదులు చాలవని కాలనీలోని కమ్యూనిటీ హాలుకు మధ్యలో అడ్డగోడ కట్టి, వాటిని రెండు గదులన్నారు. ‘తాత్కాలికంగా’ అని ఆర్డరులో రాశారు. నేను బదిలీ మీద ఆ ఊరికి వెళ్లేసరికే ఆ తాత్కాలికానికి సున్నం రాలిపోయి, కిటికీ రెక్కలు ఊడిపోయి చాలా ఏళ్లయింది.

నేను సైన్సు సారును. రోజూ సంగారెడ్డి నుంచి వచ్చిపోయేవాణ్ణి. మా హెడ్మాస్టరుకు రిటైర్మెంటు దగ్గరపడింది. ఆయనకు బడి నడపడంలో ఒకే ఒక్క సిద్ధాంతం ఉండేది: ‘మనకెందుకు లొల్లి’. కొత్తగా ఏది వచ్చినా, సుద్దముక్కల డబ్బా అయినా సరే, దాన్ని అనుమానంగా చూసి పక్కకు జరిగేవాడు.

కాలనీ గదుల్ని నడిపేది ఒక విద్యా వాలంటీరు. విద్యా వాలంటీరంటే టీచరు చేసే పనంతా చేసి కూడా టీచరు కాని మనిషి. ప్రతి జూన్‌లో పైఅధికారి సంతకం పెడితే ఇంకో ఏడాది ఉంటుంది, లేకపోతే లేదు. ఆ అమ్మాయిది ఆ కాలనీయే. అక్కడ డిగ్రీ చదివిన మొదటి మనిషి. వాళ్లమ్మ, వదిన పొద్దున ఆరింటికి కంపెనీ బస్సెక్కి బొల్లారంలో మందుల ఫ్యాక్టరీకి పోయేవాళ్లు. నేను చేరిన కొత్తలోనే నాతో కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

“ఈ గదులుంటెనే నేనుంట సార్. గదులు పాయెనంటే నేను గూడ ఆరుగంటల బస్సెక్కుడే. మా అమ్మ ఎన్ని కుంకుడుకాయలు పెట్టి తలకు పోసుకున్నా ఆ వాసన పోదు. పక్కల పండుకుంటే నాకు తెలుస్తది. ఆ వాసన నా నెత్తికి పట్టొద్దు సార్, అంతే.”

అలా అన్నాక నవ్వింది కానీ, అది నవ్వుతూ చెప్పిన మాట కాదని నాకు తెలిసింది. ఇదంతా రెండువేల దశకం చివర్లో. మా వైపు ప్రతి ఊరికీ ఒక కంపెనీ, ప్రతి కంపెనీకీ ఒక దానగుణం మొలుచుకొస్తున్న కాలం. అప్పటిదాకా ఏటా నోటుబుక్కులు పంచే ఒక కంపెనీవాళ్లు ఆ ఏడు ఇరవై ల్యాప్‌టాప్‌లు ఇస్తామన్నారు. చెరువు నీళ్ల రంగు మార్చి చూపించినవాళ్లు పిల్లల భవిష్యత్తు కూడా మారుస్తామంటే ఎవరు కాదంటారు? పది పెద్ద బడికి, పది కాలనీకి అన్నారు. వాటితోపాటు సబ్బుపెట్టెలంత తెల్లటి డబ్బాలు నాలుగు తెచ్చారు.

వాటిని పెట్టడానికి వచ్చిన ఇంజనీరు ఎక్కడో ఉత్తరాది కుర్రాడు. హిందీలో మొదలుపెట్టి ఇంగ్లిషులో ముగించేవాడు. “సర్, ఏక్‌దమ్ సింపుల్” అని ప్రతి వాక్యానికీ ముందు అనేవాడు. పెద్ద బడిలో ఫోను లైను ఉంది, దాంట్లో ఇంటర్నెట్టు వస్తుంది. అక్కడి నుంచి కాలనీదాకా తీగ లాగాలంటే బోలెడు ఖర్చు. ఈ డబ్బాలు చవక, తీగ అక్కర్లేదు. ఒకటి హెడ్మాస్టరు గదిలో, ఒకటి కాలనీ గదిలో, నడుమ రెండు ఇళ్ల స్లాబుల మీద రెండు. ఒక డబ్బా పక్కదాన్ని తనే వెతుక్కుంటుంది. దొరికితే పచ్చదీపం. వచ్చింది వచ్చినట్టు అవతలికి అందిస్తుంది. ఏ డబ్బా పెద్దదీ కాదు, ఏదీ చిన్నదీ కాదు, అన్నీ సమానమేనని చెప్పాడు. పాపం, వయసులో చిన్నవాడు, పైగా ఊరికి కొత్త.

“ఇండ్లోళ్లు ఒప్పుకోవాలె గదా” అన్నాడు హెడ్మాస్టరు. “మీరే పోయి అడుగుండ్రి సారూ. నాకెందుకు లొల్లి?”

నడుమ ఉన్న ఇళ్లలో మొదటిది పటేలుది. పాత రైతు కుటుంబం. సగం భూమి ఫ్యాక్టరీలకు పోయినా మిగిలిన సగంలో ఇప్పటికీ వరి, కూరగాయలు పెట్టేవాడు. రెండోది కాలనీ మొదట్లో ఉన్న రెండంతస్తుల బిల్డింగు. దాని యజమాని తండ్రి పటేలు పొలంలో జీతముండి పోయినవాడు. ఇతను మాత్రం ఇరవై ఏళ్లు బొల్లారంలో ఒక ప్లాంటులో పనిచేసి, వచ్చినదాంతో వరసగా గదులు కట్టి బీహారు, ఒడిశా పనివాళ్లకు కిరాయికిచ్చాడు. వాళ్లు ‘మాలిక్’ అని పిలిచేవాళ్లు. ఊరుకూడా అదే పిలుపు అందుకుంది. మాలిక్ బిల్డింగు పటేలు ఇంటికన్నా ఒక అంతస్తు ఎత్తు. ఆ అంతస్తు లేచిన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ముందు పటేలు దగ్గరికి వెళ్లాను. చాయ్ ఇప్పించి నేను చెప్పిందంతా విన్నాడు. విని, డబ్బాను చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

“ఇది మా ఇంటికెళ్లి ఏడికి పోతది సారూ?”

“మాలిక్ బిల్డింగు మీదికి, పటేలా. అక్కడికెళ్లి కాలనీ బడికి.”

“మరి ముందు ఎవలకు?”

“ముందు మీకే.”

“అంటే మాకు పట్టినంక మిగిలిందే గదా వాళ్లకు?”

రేడియో తరంగాల గురించి చెబుదామని నోరు తెరిచాను. అప్పుడర్థమైంది, ఆయన ఆలోచిస్తున్నది నల్లా గురించి. మా దగ్గర నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. పైపు మొదట్లో ఉన్న ఇళ్లు మోటార్లు బిగించి లాగేసుకుంటే చివరి ఇళ్లకు గాలి మాత్రమే వచ్చేది. ఊళ్లో ఎవరు ఏపాటి మనిషో తేల్చేది ఆ పైపే. నెట్టు కూడా ఒక పైపే అని ఆయన అనుకోవడంలో తప్పేముంది?

“అంతే పటేలా. మీకు పట్టినంకనే” అన్నాను. పదేళ్లు పిల్లలకు చెప్పిన ఫిజిక్సు అంతా ఆ ఒక్క ముక్కతో గంగలో కలిసింది. పటేలు సంతోషించి డబ్బా పెట్టుకోమన్నాడు.

మాలిక్ అంత తేలిగ్గా పడే మనిషి కాదు. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

“సారూ, నేను ప్లాంటుల ఇరవై ఏండ్లు చేసిన. లైను ఏడ షురువైతదో, ఏడ ఆఖరైతదో నాకు చెప్పకుండ్రి. ఇది పటేలు ఇంటికెళ్లే గదా వచ్చేది?”

“అంటే... ఆయన స్లాబు మీద గూడ ఒకటి ఉంటది...”

“ఆయన వాడుకోంగ మిగిలిన ఎంగిలి నాకొద్దు. మా నాయిన తిన్నడు ఆ ఎంగిలి. ఆ ఇంటెనక కూసోని, ఆకుల పెడితే తిన్నడు. నేను తినను.”

నాకు నిజంగానే సిగ్గేసింది. సిగ్గుపడ్డవాడు నోరు మూసుకుని ఇంటికి పోవాలి కదా. నేను ఇంకో అబద్ధం చెప్పాను.

“అయ్యో, అట్ల కాదు మాలిక్ సాబ్. మీ బిల్డింగు ఎత్తుగున్నది. సిగ్నల్ సీదా మీ మీదనే పడ్తది. పటేలుకే మీ కాడికెళ్లి పోతది.”

మాలిక్ మొహం విచ్చుకుంది. “ఏందీ? పటేలుకు నా కాడికెళ్లి పోతదా?”

“అవును.”

“అట్లయితే పెట్టుండ్రి. ఇంకోటి ఉంటే అది గూడ పెట్టుండ్రి.”

మర్నాడు నాలుగు డబ్బాల్లోనూ పచ్చదీపాలు వెలిగాయి. ఇంజనీరు ఫొటోలు తీసుకుని, “బోలా థా నా సర్, సింపుల్” అని, ముందే చెప్పానుగా అన్నట్టు నవ్వి వెళ్లిపోయాడు. మళ్లీ అతని మొహం చూడలేదు. నేను మాత్రం కాలరెగరేసుకుని తిరిగాను. ఊళ్లో ఇన్నేళ్లుగా ఎవరూ కలపలేని రెండు ఇళ్లను సైన్సుతో కలిపానని స్టాఫ్‌రూములో అన్నాను కూడా.

ఇక పాఠాల సంగతి. హెడ్మాస్టరు గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నేను సైన్సు చెబితే కాలనీలో పిల్లలు తమ ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుని వినాలి. బొమ్మ ఆగి ఆగి కదిలేది. మాట ముక్కలు ముక్కలుగా వెళ్లేది. “కిరణజన్య” అక్కడికి చేరితే “సంయోగక్రియ” దారిలో ఎక్కడో, బహుశా మాలిక్ స్లాబు మీద, ఉండిపోయేది. ఆ ముక్కల్ని అతికించి, మళ్లీ మొదటి నుంచి చెప్పి, పిల్లల చేత జవాబు రాయించి నాకు పంపేది ఆ అమ్మాయే. నాకు అందేది మాత్రం చక్కటి జవాబు. నా పాఠం ఎంత బాగా అర్థమైందో అని మురిసిపోయేవాణ్ణి.

డబ్బాల గుణాలు నాకన్నా ముందు ఆమెకు పట్టుబడ్డాయి. వానకు తడవకుండా వాటి మీద ప్లాస్టిక్ టబ్బులు బోర్లించింది. శనివారం బాగుండే నెట్టు సోమవారం ఎందుకు చచ్చిపోతుందో నేను వారం రోజులు పుస్తకాల్లో వెతుకుతుంటే, ఆమె నేరుగా బిల్డింగెక్కి చూసొచ్చింది. సోమవారం కొందరు కిరాయిదార్లకు సెలవు. తడి చద్దర్లు తెచ్చి సరిగ్గా డబ్బా ముందే దండెం మీద ఆరేస్తున్నారు. తనకొచ్చిన హిందీలో వాళ్లను బతిమాలి దండెం అటువైపుకు మార్పించింది.

“తడి బట్టలు అడ్డముంటే పోదు సార్ ఇది” అని నాకు చెప్పింది.

“అవును, నీళ్లు తరంగాల్ని పీల్చుకుంటాయి” అన్నాను, అంతకుముందే తెలిసినట్టు.

వానలు మొదలయ్యాక ఒకరోజు కబురొచ్చింది. జిల్లా విద్యాశాఖ నుంచి పెద్దసారు వస్తున్నాడు. కాలనీలో ల్యాప్‌టాప్‌లు నడుస్తున్నాయో లేదో చూస్తాడు. నడవకపోతే వాటిని జోగిపేట వైపు ఇంకో బడికి పంపించి, కాలనీ గదులు మూసేసి, పిల్లల్ని పెద్ద బడిలో కలిపేస్తాడు. గదులు పోతే వాలంటీరు పోస్టూ పోతుంది. ఇది విన్న రోజు ఆ అమ్మాయి మధ్యాహ్నం టిఫిన్ గిన్నె తెరిచి, ఏమీ తినకుండానే మూతపెట్టేసింది. “నడుస్తది లే అమ్మా, నేనున్న గదా” అన్నాను.

నేనున్నందువల్లే ఆగింది. పెద్దసారు రావడానికి మూడు రోజుల ముందు, ఆటోలు ఆగేచోట ఉన్న చాయ్ హోటల్లో, పటేలు ఎవరితోనో గొప్పగా అంటున్నాడట: “బడి నెట్టు ముందు మా ఇంటికే వస్తది. మాకు పట్టినంకనే ఊరికి.” పక్క బల్ల మీద చాయ్ తాగుతున్న మాలిక్ పకపకా నవ్వాడు.

“పటేలా, నీకొచ్చేది నా బిల్డింగు మీదికెళ్లి.”

“ఎవడన్నడు?”

“సైన్సు సారన్నడు.”

“నాకు చెప్పింది గూడ ఆ సారే గదరా!”

అన్నేళ్లుగా మాటల్లేని ఇద్దరూ ఒకే బల్ల మీదికి చేరి, ఇంకో రెండు చాయ్‌లు చెప్పించుకుని, గంటసేపు నన్ను తిట్టారని హోటలాయన నాకు చాలా ఇష్టంగా చెప్పాడు. తర్వాత ఎవరింటికి వాళ్లు వెళ్లి ఎవరి ప్లగ్గు వాళ్లు పీకేశారు. కాలనీలో దీపం ఆరిపోయింది.

నా తల ప్రాణం తోకకొచ్చింది. పటేలు ఇంటికి వెళితే ఆయన భార్య గడపలోనే “ఇంట్ల లేడు సారూ” అంది. లోపలి నుంచి పటేలు దగ్గు స్పష్టంగా వినబడుతోంది. మాలిక్ అయితే ఇంట్లోనే ఉన్నాడు. “మీరు సదువుకున్నోళ్లు సారూ, మీతోని నేను మాట్లాడలేను” అని తలుపేసుకున్నాడు. హెడ్మాస్టరుకు ఇంత ఆనందం ఎప్పుడూ కలిగి ఉండదు. “నేను ముందే అన్న, లొల్లెందుకని” అని రోజుకు నాలుగుసార్లు అనేవాడు.

ఆ అమ్మాయి వచ్చింది. ఎప్పుడూ నాతో గొంతు పెంచి మాట్లాడని మనిషి ఆ రోజు స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి దులిపేసింది.

“అబద్ధమే చెప్పేదుంటే ఇద్దరికి ఒక్కటే చెప్పాలె గద సార్! ఒకలకు ఒకటి, ఇంకొకలకు ఇంకొకటి చెప్తరా? ఇది ఊరు సార్. ఈడ మాట ఏడ చెప్పినా సాయంత్రానికి హోటలుకొస్తది.”

“తప్పైంది” అన్నాను.

“నాకు చెప్తే ఏమొస్తది? వాళ్లకు చెప్పుండ్రి.”

ఎవరు పిలిస్తే వస్తారు వాళ్లు? ఆ ఉపాయం కూడా ఆమెదే. సైన్సు సారు అందరి ముందర మాఫీ అడుగుతాడట అని ఇద్దరికీ విడివిడిగా కబురంపింది. ఆ ముచ్చట చూడ్డానికి ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని మరీ వచ్చారు. బడి వరండాలో, పదో తరగతి పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూస్తుండగా, నేను చేతులు జోడించి మాఫీ అడిగాను. ఇద్దరూ తల ఊపారు. మాలిక్ ఇంకోసారి చెప్పమన్నట్టు చూశాడు. అప్పుడు ఆమె ముందుకొచ్చింది.

“పటేలా, సారు ఈడ చెప్పే పాఠం ముందుగాల మీ ఇంటి మీదికెళ్లి పోతది. గది నిజం. కాకా, పిల్లలు రాసే జవాబు కాలనీల మొదలైతది, ముందుగాల నీ బిల్డింగు మీదికెళ్లి వస్తది. గదీ నిజమే. పోయేటప్పుడు పటేలు మొదలు, వచ్చేటప్పుడు నువ్వు మొదలు. ఎవలిదీ ఎంగిలి కాదు. మీ ఇద్దరిల ఏ ఒక్కలు బందు చేసినా నా పిల్లలకు ఏదీ లేదు.”



“అసలు పాఠం లేంది జవాబేడికెళ్లి వస్తది?” అన్నాడు పటేలు, గెలిచినట్టు.

“మార్కులు పడేది జవాబుకే గదా పటేలా?” అన్నాడు మాలిక్, తనూ గెలిచినట్టు.

ఇద్దరూ అదే వాదించుకుంటూ గేటుదాకా కలిసే నడిచారు. అరగంటలో పచ్చదీపాలు మళ్లీ వెలిగాయి. రెండు నెలలు నేను రెండు అబద్ధాలతో నడిపినదాన్ని ఆమె ఒక్క అబద్ధం కూడా చెప్పకుండా నిలబెట్టింది. నిజం చెబితే పని జరుగుతుందని నాకు తట్టనే లేదు, సైన్సు సారును కదా!

పెద్దసారు వచ్చే ముందురోజు నేను ఆమెకు ఒక జాగ్రత్త చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

“రేపు నువ్వు కెమెరాకు అడ్డం రాకు. పిల్లలే అంత చేస్తున్నట్టు కనబడాలె. అప్పుడే పెద్దసారు ఖుష్ అయితడు.”

“నేను కనబడకుంటె గదులుంటయంటే కనబడను తియ్యండి సార్” అంది.

పెద్దసారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ముందురాత్రి వాన పడి కాలనీ దారి బురదబురదగా ఉంది. ఆయన తన బూట్లకేసి, ఆ దారికేసి చూశాడు. “అక్కడిదాకా ఎందుకండీ, ఇక్కడి నుంచే చూడొచ్చు కదా? వైర్‌లెస్ అంటే అదేగా!” అన్నాడు. హెడ్మాస్టరు గదిలో అందరం ల్యాప్‌టాప్ చుట్టూ మూగాం. నేను ఏడో తరగతికి అద్దం మీద కాంతి ఎలా పడి ఎలా తిరిగొస్తుందో చెప్పాను. తెర మీద పిల్లలు బుద్ధిగా కూర్చుని వింటున్నారు. ప్రశ్న అడిగాను. ముందు వరసలో కూర్చున్న ఒక పిల్ల టకటకా టైపు చేసి జవాబు పంపింది. తప్పు లేదు. ఇంకో ప్రశ్న, ఇంకో జవాబు. తెర కింది అంచున ఒకసారి నీలం చున్నీ కొస కనబడి మాయమైంది. ఆమె బల్ల కింద నేల మీద కూర్చుని, విరిగిపోయిన నా మాటల్ని పిల్లలకు మెల్లగా అందిస్తోంది. అది నాకు తెలుసు. గదిలో ఇంకెవరికీ తెలియదు.

“అక్కడ టీచరెవరున్నారు?” అని అడిగాడు పెద్దసారు.

చెప్పాల్సింది ఒక్క వాక్యం. అక్కడొక వాలంటీరు ఉంది సార్, ఆమె లేకపోతే ఇదేదీ లేదు సార్. అంతే. కానీ ఆయన కళ్లలో ఆశ్చర్యం ఉంది, ఆ ఆశ్చర్యం నన్ను చూస్తోంది. అందులో ఇంకొకరికి వాటా ఇవ్వబుద్ధి కాలేదు.

“అక్కడ ఎవరూ అవసరం లేదు సార్” అన్నాను. “ఇక్కడ నేను చెబితే అక్కడికి వెళ్తుంది. అక్కడ మనిషి లేకపోయినా నడుస్తుంది.”

“వెరీ గుడ్” అని పెద్దసారు డైరీలో రాసుకున్నాడు. హెడ్మాస్టరు మొదటిసారి నా భుజం తట్టాడు.

మరుసటి వేసవి సెలవులు అయ్యాక ఆర్డరొచ్చింది. కాలనీ గదులు కొనసాగుతాయి. వైర్‌లెస్ బోధన అందుబాటులో ఉన్నందున అక్కడ విద్యా వాలంటీరు అవసరం లేదు. నేను దాన్ని మూడుసార్లు చదివాను. అది నా వాక్యమే, సంతకం మాత్రం ఆయనది.

“గదులైతే ఉన్నయి గద సారూ, ఇంకేంది?” అన్నాడు హెడ్మాస్టరు.

ఆమె తాళంచెవి ఇవ్వడానికి వచ్చింది. ఒక కాగితం కూడా ఇచ్చింది. ఏ ల్యాప్‌టాప్‌లో ఏ మీట గట్టిగా నొక్కాలి, కిరాయిదార్లు ఎప్పుడు బట్టలు ఆరేస్తారు, ఏ పిల్లకు వెనక వరస నుంచి వినబడదు, అన్నీ వరసగా రాసింది. పోస్టు గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. ఎత్తుతుందని ఎదురుచూశాను. అడిగితే చాలు, నేనే సంగారెడ్డి వెళ్లి పెద్దసారు కాళ్లావేళ్లా పడదామని మనసులో అనుకున్నాను. ఆమె అడగలేదు. “నోరు తెరిచి అడగందే నేనేం చేసేది?” అని ఆ సాయంత్రం మా ఆవిడతో అన్నాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ సెప్టెంబరులో గురుపూజోత్సవం నాడు నాకు సంగారెడ్డిలో శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

పాఠం మాత్రం రోజూ వెళ్లింది. వెళ్లి, కాలనీలో ముక్కలుగా పడింది. అతికించేవాళ్లు లేరు. మొదటి వారం పిల్లలు తెరకేసి చూశారు, రెండో వారం తెర మీద నన్ను చూసి నవ్వారు, మూడో వారం గదిలో బల్లలే కనబడ్డాయి. దండెం మళ్లీ పాతచోటికి వచ్చింది. దసరా సెలవులు కాగానే రెండు తరగతుల్ని తెచ్చి పెద్ద బడి వరండాలో కూర్చోబెట్టారు. ల్యాప్‌టాప్‌లు బీరువాలోకి వెళ్లాయి. స్లాబుల మీది డబ్బాలు ఇమ్మని అడిగితే పటేలు, మాలిక్ ఇద్దరూ ససేమిరా అన్నారు. ఎవరు ముందు తీస్తే వాళ్లు తగ్గినట్టట. బడివైపు ఏమీ లేకపోయినా ఆ రెండు డబ్బాలు ఒకదాన్నొకటి వెతుక్కుని పచ్చగా వెలుగుతూనే ఉండేవి.

మరుసటి ఏడు ఒక ఆదివారం పటాన్‌చెరు సంతలో కూరగాయలు కొంటుంటే ఆమె ఎదురుపడింది. మెడలో కంపెనీ కార్డు. డ్యూటీ దిగి వస్తున్నట్టుంది. తప్పించుకుందామా అనుకున్నాను, కానీ అప్పటికే నన్ను చూసి దగ్గరికొచ్చింది.

“బాగున్నరా సార్?”

“బాగనే ఉన్న. నువ్వెట్లున్నవమ్మా?”

“ప్యాకింగుల ఏసిన్రు సార్. నిలబడే ఉండాలె, అంతే.” వెనకనుంచి వినబడని ఆ పిల్ల ఎలా చదువుతోందని అడిగింది. ముందు కూర్చోబెట్టామని చెప్పాను. అది అబద్ధం కాదు. తర్వాత నెట్టు గురించి అడిగింది.

“బందైంది” అన్నాను. “గదులు గూడ తీసేసిన్రు.”

ఆమె తల ఊపింది. నేను అక్కడితో ఆగలేదు. నా గొంతులో నిష్ఠూరం కూడా వినబడింది, సిగ్గులేకుండా.

“ఒక్కమాట నాతోని అనకపోతివి. నువ్వడిగి ఉంటే నేను పెద్దసారుతోని మాట్లాడేటోణ్ణి గదా.”

ఆమె సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. కోపంగా లేదు. పాఠం చెబుతున్నప్పుడు పిల్లలకు ఎలా చెప్పేదో అలాగే నెమ్మదిగా చెప్పింది.

“ఆ రోజు మీరు మైకు బందు చెయ్యలే సార్. పెద్దసారుకు మీరు చెప్పిందంత మాకు ఇనబడ్డది. పిల్లలు గూడ ఇన్నరు. రోజూ ముక్కలు ముక్కలు వచ్చే మాట, ఆ రోజు ఒక్క ముక్క గూడ పోకుంట సాఫ్ వచ్చింది. ఇంక మిమ్మల్ని ఏమని అడగాలె సార్?”

అంతలో ఆటోవాడు ఊరి పేరు పిలిచాడు. “వస్త సార్” అని ఆమె వెళ్లి ఎక్కింది.